పాత స్టూడియో ఫొటోలు సేకరించేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత స్టూడియో ఫొటో చేతికి రాగానే అందరి చూపూ ముఖం మీదికే పోతుంది. ఆ ముఖం ఎన్నో చెబుతున్నట్టే ఉంటుంది కానీ తేదీ చెప్పదు, పేరు చెప్పదు. ఆ సంగతులు చెప్పేవి అట్ట మందం, అంచు, వెనుక వైపు ముద్ర, బొమ్మ రంగు. అందుకే ఈ జవాబుల్లో ముఖాల ప్రస్తావన కాస్త ఆలస్యంగా వస్తుంది.

నా దగ్గరున్నది ఏ రకం ఫొటో? ఎలా గుర్తుపట్టాలి?

బొమ్మ దేనిమీద ఉందో ముందు చూడండి. రేకు, గాజు, కాగితం: ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది.

అద్దంలా మెరుస్తూ, కొంచెం వంచగానే బొమ్మలోని నలుపు తెలుపులు తారుమారైతే అది డాగ్యురోటైప్. వెండి పూసిన రాగి రేకు మీద తీసేవారు. 1839లో పారిస్‌లో లూయీ డాగేర్ పద్ధతి బహిరంగమైంది. సగం కోణాల్లో మీకు బొమ్మకు బదులు మీ ముఖమే కనబడుతుంది. అదే దాని గుర్తు.

గాజు మీద ఉండి, ఎటు వంచినా పాజిటివ్‌గానే కనబడితే ఆంబ్రోటైప్. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెల్లడించిన తడి కొలోడియన్ పద్ధతి (కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, పలక తడి ఆరకముందే బొమ్మ తీయడం) నుంచి పుట్టింది. నిజానికి అది పలుచని నెగటివే. వెనుక నల్ల వార్నిష్ పూసో, నల్ల గుడ్డ పెట్టో పాజిటివ్‌లా చూపిస్తారు. ఆ నలుపు పెచ్చులూడిన చోట ముఖంలో చిల్లులు పడినట్టు ఉంటుంది. చూసి బెంబేలు పడవద్దు. చాలాసార్లు బొమ్మ చెక్కుచెదరకుండానే ఉంటుంది, పోయింది వెనుక పూత మాత్రమే.

టిన్‌టైప్‌లో తగరం లేదు, అది నల్ల వార్నిష్ పూసిన పలుచని ఇనుప రేకు. అమెరికాలో 1856లో హామిల్టన్ స్మిత్ దానికి పేటెంటు పొందారు. చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే అంటుకుంటుంది. మధ్యలో పలుచని కాగితం పెట్టి పరీక్షించండి, లేకపోతే గీతలు పడతాయి. గోధుమ వన్నె ఉన్న టిన్‌టైప్ అయితే 1870 తర్వాతిదే అనుకోవచ్చు. అలాగని టిన్‌టైప్ అన్నదల్లా పందొమ్మిదో శతాబ్దపుదని తీర్మానించకండి. సంతల్లో, సముద్రతీరాల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లు ఇరవయ్యో శతాబ్దంలోనూ వాటిని తీశారు.

ఇత్తడి చట్రం, కీలు తలుపు ఉన్న చిన్న పెట్టెను బట్టి మాత్రం రకాన్ని నిర్ణయించకండి. ఈ మూడు రకాలూ అవే పెట్టెల్లో వచ్చేవి. పెట్టెలు తరువాతి చేతుల్లో మారేవి కూడా.

ఇక కాగితం ఫొటోలు. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని 1850లో బ్లాంకార్-ఎవ్రార్ ప్రవేశపెట్టారు. 1890ల దాకా రాజ్యమేలింది అదే. భూతద్దంతో చూస్తే కాగితం నార కనబడుతుంది, తెలుపు ఉండాల్సిన చోట పసుపు తిరిగి ఉంటుంది, పైపొరలో సన్నని పగుళ్లు కూడా ఉండవచ్చు. తరువాత వచ్చిన, జెలటిన్ అనే జిగురు పూత ఉన్న ఫొటోల్లో సాధారణంగా నార కనబడదు. వయసు మీద పడిన కొద్దీ ముదురు భాగాల్లో వెండి పైకి తేలి నీలిరంగు మెరుపు తిరుగుతుంది. ఎక్కడా మెరుపు లేకుండా, మసకబారకుండా, ఎదుటి పేజీ మీద తన నీడ దించిపోయిన ఫొటో ఉందంటే అది వెండికి బదులు ప్లాటినంతో బొమ్మ తేల్చిన ప్లాటినం ముద్ర అయ్యే అవకాశం ఉంది.

కార్ట్ ద విజిట్ అంటే ఏమిటి? క్యాబినెట్ కార్డుకు దానికి తేడా ఏమిటి?

రెండూ అట్టకు అంటించిన కాగితపు ఫొటోలే. తేడా పరిమాణంలో. కార్ట్ ద విజిట్ అట్ట సుమారు 64 × 100 మిల్లీమీటర్లు, క్యాబినెట్ కార్డు సుమారు 108 × 165. మొదటిదానికి ఆంద్రే దిస్దేరి 1854లో ఫ్రాన్స్‌లో పేటెంటు పొందారు. ఒకే గాజు పలక మీద పలు బొమ్మలు తీసి, ఒకేసారి ముద్రించి, కత్తిరించి అట్టలకు అంటించడం ఆయన ఉపాయం. ఫొటో చౌకైంది, ఒకరి చిత్రాన్ని పది మందికి పంచడం అలవాటైంది. 1860లో ఫొటోగ్రాఫర్ మేయల్ తీసిన విక్టోరియా రాణి కుటుంబ చిత్రాలు అమ్మకానికి వచ్చాక పిచ్చి మరింత ముదిరింది. 1866లో క్యాబినెట్ కార్డు వచ్చి, కొన్నేళ్లకు చిన్నదాన్ని పక్కకు నెట్టింది.

తేదీ లేని ఫొటోకు కాలం ఎలా కట్టాలి?

ఒక్క ఆధారం పట్టుకుని తేల్చేయకండి. నాలుగైదు విడివిడిగా రాసుకుని, అన్నీ కలిసే చోట ఆగండి.

అట్టతో మొదలుపెట్టండి. 1860ల కార్డులు పలుచగా, మూలలు చదరంగా ఉంటాయి. 1870ల నుంచి అట్ట మందమై మూలలు గుండ్రబడ్డాయి. 1880లకు ముదురు రంగు అట్టలు, బంగారు పూత పూసిన ఏటవాలు అంచులు వచ్చాయి. 1890లకు అంచులను అలల్లా కత్తిరించడం ఫ్యాషనైంది. ఇవి స్థూలమైన హద్దులు. పాత అట్టలు మిగిలిపోయిన స్టూడియో వాటిని పారవేస్తుందా? సరుకు అయిపోయేదాకా వాడుతుంది. అందువల్ల అట్ట ఇచ్చేది "ఇంతకంటే ముందుది కాదు" అనే హద్దు. "ఇంతకంటే తరువాతది కాదు" అని చెప్పే శక్తి దానికి లేదు.

కొన్ని ఆధారాలు మాత్రం ముక్కుసూటిగా పలుకుతాయి. అమెరికా ఫొటో వెనుక పన్ను స్టాంపు అంటించి ఉంటే అది 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 మధ్య అమ్ముడైనది, ఎందుకంటే అంతర్యుద్ధం ఖర్చులకు వేసిన ఆ పన్ను ఆ రెండేళ్లే ఉంది. పోస్టుకార్డు రూపంలో ఉన్న స్టూడియో చిత్రమైతే వెనుక వైపు చూడండి. చిరునామాకు, సందేశానికి వేరువేరు చోటు ఉంటే బ్రిటన్‌లో 1902 తర్వాతిది, అమెరికాలో 1907 తర్వాతిది.

వెనుక ముద్రలో స్టూడియో గెలిచిన పతకాలు, ప్రదర్శనల సంవత్సరాలు ఉంటాయి. అందులోని చివరి సంవత్సరం కంటే ముందు ఆ అట్ట అచ్చయి ఉండదు. చిరునామా ఉంటే ఆ ఊరి పాత వాణిజ్య డైరెక్టరీలు తిరగేయండి. స్టూడియోలు తరచూ గది మారేవి, భాగస్వాములను మార్చేవి. ఒక వీధిలో ఆ పేరుతో ఉన్న రెండు మూడేళ్లే మీకు కావలసిన కాలం కావచ్చు. అరల నిండా ఫొటోలున్నా ఇంత ఓపిక ఉన్నవారు తక్కువ. నాకు మాత్రం సేకరణలో అసలు సరదా అక్కడే ఉంది.

బట్టలను బట్టి కాలం చెప్పలేమా?

చెప్పవచ్చు, జాగ్రత్తగా. పాశ్చాత్య దుస్తుల్లో 1860ల నాటి గంపలాంటి వెడల్పు లంగా, 1870, 80లలో వెనుక ఉబ్బెత్తుగా నిలిపే అమరిక, 1895 ప్రాంతంలో బుడగల్లా ఉబ్బిన చేతులు బాగా తెలిసిన గుర్తులే. కానీ పెద్దవయసువారు తమ యవ్వనంలో అలవాటైన దుస్తులే వేసుకుంటారు, పేదవారు ఉన్న బట్టలు కుట్టుకుని మళ్లీ వేసుకుంటారు. కొన్ని స్టూడియోలు కోట్లు, టోపీలు తామే ఇచ్చేవి. బృందచిత్రం ఉంటే అందులో కొత్త ఫ్యాషన్ పాటించిన యువతిని వెతికి, ఆమెను బట్టి కాలం కట్టండి. అత్యంత పాతవాటిని బట్టి కాదు, అత్యంత కొత్తదాన్ని బట్టి. మెడ పట్టీ, చేతి అంచు, జుట్టు పాపిడి వంటి చిన్నవి లంగా వెడల్పు కంటే నమ్మదగ్గవి.

స్టూడియో పేరు లేని ఫొటోలను ఒకే చోట తీశారని ఎలా తేలుస్తారు?

కుర్చీ, తివాచీ, వెనుక తెర. కుర్చీ చేతి మీది చెక్కడం, తివాచీ పూల వరుస, తెర మీద గీసిన స్తంభంపై పగులు: ఇవి వేలిముద్రల్లాంటివి. పేరున్న ఫొటో ఒకటి దొరికి, అందులో అదే కుర్చీ కనబడితే పేరు లేనివన్నీ ఒక్కసారిగా మాట్లాడతాయి. ఒక మెలిక ఉంది. న్యూయార్క్‌లో లఫాయెట్ సీవీ లాంటివారు తెరలు గీసి ఎన్నో స్టూడియోలకు అమ్మేవారు. కాబట్టి తెర ఒక్కటే సరిపోదు. తెరతో పాటు కుర్చీ, తివాచీ కూడా కలవాలి. స్టూడియో చేతులు మారినప్పుడు సామాను కూడా కొత్త యజమానికి వెళ్లేదని గుర్తుంచుకోండి. నెగటివ్‌లూ అలాగే వెళ్లేవి. అందుకే పదేళ్ల కిందటి చిత్రం కొత్త యజమాని పేరున్న అట్ట మీద కనబడటం వింత కాదు.

వాళ్లు ఎందుకు నవ్వరు?

ఎక్స్‌పోజరు, అంటే పలక మీద కాంతి పడనివ్వాల్సిన సమయం, ఎక్కువ సేపు పట్టేది కాబట్టి అని అంటారు. సగమే నిజం. తొలి డాగ్యురోటైప్‌లకు నిమిషాలు పట్టింది. 1840లో ఎక్కువ కాంతిని లోపలికి రానిచ్చే పెట్స్‌వాల్ కటకం, తరువాత రసాయనాల మెరుగుదల వచ్చాక అది సెకన్లకు దిగింది. 1860లలో కొన్ని సెకన్లు నవ్వు నిలపడం అసాధ్యమేమీ కాదు. చిత్రకారులు గీసిన పటాల గాంభీర్యాన్నే ఫొటో కూడా అనుకరించింది. ఖర్చు పెట్టి, ఎన్నాళ్లకో తీయించుకునే చిత్రంలో మర్యాదగా కనబడాలన్నదే కోరిక. అందుచేత ఆ ముఖాల్లో దుఃఖం, కోపం చదవకండి. ఆ గంభీరత మనస్తత్వానికి సంబంధించినది కాదు, ఆచారానికి సంబంధించినది.

కాళ్ల వెనుక ఇనుప స్టాండు కనబడుతోంది. అది చనిపోయిన మనిషి ఫొటోనా?

కాదు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అడిగినవారి మీద కాదు, అలా రాసి అమ్మేవారి మీద. ఆ స్టాండు బతికున్నవారు కదలకుండా తల ఆనించుకోవడానికి పెట్టింది. మెడ వెనుక రెండు కొమ్ముల కొక్కెం ఉంటుంది, అడుగు బరువైన ఇనుప దిమ్మ. శవాన్ని నిలబెట్టగల బలం దానికి లేదు. మృతుల ఫొటోలు తీసిన మాట వాస్తవం, అయితే వాటిలో ఎక్కువ భాగం మంచం మీదో, పెట్టెలోనో, తల్లిదండ్రుల ఒడిలోనో పడుకున్నవి. కళ్లు అచేతనంగా, పాలిపోయినట్టు ఉండటానికి కారణం వేరే ఉంది, తరువాతి జవాబులో చెబుతాను.

పసిబిడ్డ చిత్రంలో వెనుక గుడ్డ కప్పుకున్న ఆకారం కనబడితే అదీ దెయ్యం కాదు. బిడ్డను పట్టుకుని కూర్చున్న తల్లో ఆయానో, ముఖానికి గుడ్డ కప్పుకున్నారు అంతే.

కళ్లు తెల్లగా, ముఖం మచ్చలుగా ఎందుకు ఉంటాయి?

తడి కొలోడియన్, తొలి జెలటిన్ పలకలు ప్రధానంగా నీలం కాంతికే స్పందించేవి. నీలం తెల్లగా, ఎరుపు, పసుపు నల్లగా పడేవి. అందుకే నీలికళ్లు చేపకళ్లలా పాలిపోతాయి, చర్మం మీది చిన్న చిన్న ఎర్రమచ్చలు సిరా చల్లినట్టు కనబడతాయి. బంగారు పసుపు దుస్తు నల్లగా వచ్చిందని సంతాప వస్త్రమని రాసిన వివరణలు నేను చూశాను. నల్లగా కనబడేది నలుపే అనుకోకూడదు. 1873లో హెర్మన్ ఫోగెల్ రంగుద్రవ్యాలతో పలకల స్పందనను పెంచవచ్చని కనుగొన్నారు. అన్ని రంగులకూ స్పందించే పలకలు విరివిగా దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. కాబట్టి అంతకు ముందరి చిత్రాల్లో చర్మం ఛాయ, జుట్టు రంగు, బట్టల రంగు గురించి ఏ తీర్పూ చెప్పకండి.

బుగ్గల మీద గులాబీ రంగు, నగల మీద బంగారపు చుక్కలు చేత్తో వేసినవి. నగ నిజంగా ఉందో, రంగు వేసినవారు పెట్టారో భూతద్దంతో చూడాలి.

కుడి ఎడమలు తారుమారై ఉండవచ్చా?

డాగ్యురోటైప్, టిన్‌టైప్ సాధారణంగా అద్దంలో చూసినట్టే ఉంటాయి. ఆంబ్రోటైప్‌ను గాజు ఏ వైపు నుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. బిల్లీ ద కిడ్ అనే అమెరికన్ నేరస్థుడిని చాలాకాలం ఎడమచేతివాటం వాడనుకున్నారు. కారణం అతని టిన్‌టైప్ ఒక్కటే. చేతిలోని వించెస్టర్ 1873 రైఫిల్‌లో తూటాలు పెట్టే ద్వారం కుడివైపు ఉండాలి. ఆ చిత్రంలో ఎడమవైపు ఉంది. పాశ్చాత్య మగవారి కోటు బొత్తాలు, ఉంగరం వేలు, గోడ మీది అక్షరాలు చూస్తే మీ చిత్రం తిరగబడిందో లేదో తేలిపోతుంది.

వెనుక పేరు రాసి ఉంది. నమ్మవచ్చా?

రాత ఎప్పటిదో చూడండి. బాల్‌పాయింట్ పెన్నుతో రాసి ఉంటే ఆ వాక్యం ఫొటో తీసిన కాలానిది కానేకాదు, కొన్ని దశాబ్దాల తరువాత వారసుల్లో ఎవరో జ్ఞాపకం నుంచి రాసినది. "అమ్మమ్మ" అని రాసి ఉంటే ఎవరి అమ్మమ్మ? రాసినవారెవరో తెలిస్తే గానీ ఆ మాటకు విలువ లేదు. వెనుక రాతలను నమ్మదగ్గ సాక్ష్యంలా కాక, పరిశీలించాల్సిన వాంగ్మూలంలా చూస్తాను. నేనే ఒకసారి ఊహించిన పేరును పెన్నుతో అట్ట వెనుక రాశాను. తరువాత తప్పని తేలింది, తుడిచే దారి లేదు. అప్పటినుంచి మెత్తని పెన్సిలు, అదీ ప్రశ్నార్థకంతో, బోర్లించిన అట్టను గట్టి బల్ల మీద పెట్టి, మూలలో సన్నగా రాస్తాను.

ఈ ముఖం అచ్చంగా ఒక ప్రముఖుడిలా ఉంది. ఆయనే కావచ్చా?

కావచ్చు, కానీ పోలిక ఆధారం కాదు. గడ్డం, జుట్టు, కోటు ఒకే రకంగా ఉన్న మగవారు అప్పుడు లక్షల్లో ఉన్నారు. ముఖాలను పోల్చాల్సివస్తే చెవి ఆకారం కాస్త నిలకడగా ఉండే గుర్తు. ఫొటో ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎక్కడ తీశారు, ఆ రోజుల్లో ఆ వ్యక్తి అక్కడ ఉన్నారా అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా గోరంత పోలికను కొండంత చేయకండి.

ఇదే సంగతి తిరగేస్తే ఇంకో హెచ్చరిక: కుటుంబ ఆల్బమ్‌లో ఉన్నవారంతా కుటుంబసభ్యులు కారు. రాజులు, సేనాధిపతులు, నటీమణుల కార్ట్ ద విజిట్‌లు బజార్లో అమ్మేవారు. కొనుక్కుని మేనత్త పక్కనే పెట్టేవారు.

నకిలీలను ఎలా పసిగట్టాలి?

మసిపూసి మారేడుకాయ చేసే కళ ఈ రంగంలో బాగానే ఉంది. భూతద్దంలో బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోతే అది అచ్చు యంత్రం పని, ఫొటో కాదు. చీకటిలో అతినీలలోహిత దీపం కింద కాగితం నీలితెల్లగా వెలిగితే అందులో మెరుపు రసాయనాలు ఉన్నట్టు. ఫొటో కాగితాల్లో వాటి వాడకం 1950ల నుంచి మొదలైంది. ఇప్పటికీ కొందరు తడి కొలోడియన్ పద్ధతిలో కొత్త టిన్‌టైప్‌లు తీస్తున్నారు. పద్ధతి నిజమైనదే, వయసు కాదు. అక్కడ మనిషి కూర్చున్న తీరు, కళ్లద్దాలు, ఆధునికమైన కేశాలంకరణే పట్టిస్తాయి. ముఖ్యంగా వివరణలో ఉత్కంఠ ఎక్కువై, వెనుక వైపు ఫొటో లేకపోతే కొనకండి.

ఆల్బమ్ మొత్తం కొనాలా, నచ్చిన ఫొటోలే తీసుకోవాలా?

వీలైతే మొత్తం. ఆల్బమ్‌లో ఎవరి పక్కన ఎవరున్నారన్నదే సమాచారం. తొలి పుటలో ఎవరిని పెట్టారు, ఏ స్టూడియో పేరు పదేపదే వస్తోంది, ఒకే అమ్మాయి ఎనిమిదేళ్లకు ఒకసారి, పద్దెనిమిదేళ్లకు ఒకసారి ఎక్కడ కనబడుతోంది: ఇవన్నీ విడదీసిన క్షణం పోతాయి. బాగున్న పది ముఖాలు ఏరి అమ్మేస్తే మిగిలినవి అనాథలవుతాయి. విడదీయక తప్పదంటే ప్రతి పుటనూ ముందుగా ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, అర సంఖ్యతో సహా రాసి పెట్టుకోండి. ఫొటోను అరలోంచి లాగేటప్పుడు కాగితం చిరుగుతుంది. పలుచని పాలియెస్టర్ ముక్కను కిందికి దూర్చి దానిమీదుగా జార్చండి. రాకపోతే వదిలేయండి, వెనుక వైపు చూడాలన్న ఆత్రుతకు అంత విలువ లేదు.

ఎలా భద్రపరచాలి? శుభ్రం చేయవచ్చా?

చల్లగా, పొడిగా, చీకటిగా. సాపేక్ష తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. ఎగుడుదిగుడులే ఎక్కువ హాని చేస్తాయి. కవర్లు కొనేటప్పుడు ఫొటో ప్రతిచర్య పరీక్షలో (కవరు ఫొటోను పాడుచేస్తుందో లేదో చూసే Photographic Activity Test) నెగ్గిన కాగితం గానీ, పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ గానీ ఎంచుకోండి. పీవీసీ అనే ప్లాస్టిక్ వద్దు. ఫొటోలను జిగురు పుటలకు అంటించి, పైన పారదర్శకపు పొర కప్పే ఆల్బమ్‌లు అసలే వద్దు. అంచులు పట్టుకుని ఎత్తండి.

డాగ్యురోటైప్‌ను మాత్రం ఎన్నడూ తుడవకండి. బొమ్మ రేకు పైనే కూర్చుని ఉంటుంది, మెత్తని దూది వేటు కూడా శాశ్వత గీత అవుతుంది. అంచుల్లో నీలి, గోధుమ వలయాలు కనబడితే అది వెండికి పట్టిన చిలుము. పాతకాలంలో వాడిన శుభ్రపరిచే ద్రావణాలు ఎన్ని బొమ్మలను పాడుచేశాయో నిపుణులకు తెలుసు. ఇత్తడి చట్రానికి అంటిన కాగితపు సీలు తెరవకండి. టిన్‌టైప్‌కు నీళ్లు తగలనివ్వకండి, తుప్పుతో పూత పెచ్చులు లేస్తుంది. కాగితపు ఫొటోలకు మెత్తని కుంచెతో పొడి దుమ్ము దులపడం వరకే సొంతంగా చేయండి, అది కూడా పూత లేస్తున్న చోట కాదు.

స్కాన్ చేస్తే సరిపోతుందా? రంగులద్దే సాఫ్ట్‌వేర్ వాడవచ్చా?

స్కాన్ చేయండి, కనీసం అంగుళానికి 600 చుక్కలు, ముందు వెనుకలు రెండూ, అట్ట అంచులు కత్తిరించకుండా. డాగ్యురోటైప్‌ను స్కానరు గాజు మీద బోర్లించవద్దు. పక్క నుంచి వెలుతురు పడేలా, ఎదురుగా నల్ల గుడ్డ పెట్టి కెమెరాతో తీయండి.

ఇక ముఖాన్ని "మెరుగుపరిచే" సాఫ్ట్‌వేర్‌ల సంగతి. అవి మసకబారిన చోట లేని కనుబొమను, లేని పెదవి వంపును కల్పిస్తాయి. మసకగా ఉన్నది మీ పూర్వీకురాలు, మెరుగైనది ఎవరూ కాదు. సరదాకు చేసుకోండి కానీ ఆ ఫైలు పేరులో "మార్చినది" అని రాయండి, అసలు స్కాన్‌ను వేరే చోట ఉంచండి. వెనుక వైపు స్కాన్‌ను ముందువైపుతో ఒకే పేరు, ఒకే సంఖ్యతో దాచండి. జతలు విడిపోతే ఏ వెనుక ఏ ముందుదో ఐదేళ్లకు మీరే గుర్తుపట్టలేరు.